ఒడ్డు చేరిన కూర్మము: అపోహలు – వాస్తవములు

ఆలివ్ రిడ్లే జాతి తాబేళ్లు శీతకాలాంతమున గ్రుడ్లిడుటకై మన ఆంధ్రతీరమునకు వచ్చుట యెంత సహజమో, వానిలో కొన్ని వలలలో జిక్కియు పడవల తాకిడికి గాయపడియు ఒడ్డునకు కొట్టుకొని వచ్చుటయు నంత పరిపాటి యైనది. చూచినవారికి జాలి కలుగక మానదు. కాని యీ ప్రాణి విషయమున జాలి కంటె తొందరయే ముందు నడచుటచే మేలు చేయబోయి కీడు చేయుచున్నాము.

అపోహ: జలచరము గనుక నీటిలోనికి నెట్టిన చాలును.

వాస్తవము: తాబేలు ఊపిరితిత్తులతోడనే శ్వాసించును. గ్రుడ్లిడ వచ్చిన తల్లి పని ముగియగానే తానే కడలి చేరును గనుక దాని జోలికి పోనక్కరలేదు. శక్తి యుడిగి పడియున్నదానిని అలలలోనికి ద్రోచినచో మాత్రము, ఊపిరికై తల పైకెత్తలేక మునిగి చచ్చును. నీడపట్టున నుంచి, ముక్కు మూయకుండ తడిగుడ్డ కప్పి, అటవీశాఖవారికి కబురంపవలెను.

అపోహ: కదలనిది చచ్చినదే.

వాస్తవము: ట్రాలరు వలలో చాలసేపు మునిగియున్న తాబేలు స్మృతి తప్పి శవమువలె పడియుండవచ్చును. దానిని వెల్లకిల వేయక, బోర్లనే యుంచి, వెనుక భాగమును 15 సెంటీమీటర్లకు తక్కువ గాకుండ ఎత్తి యుంచినచో ఊపిరితిత్తులలోని నీరు దిగును. ఇట్లు 4 మొదలు 24 గంటల వరకు కనిపెట్టి యుండవలసి వచ్చును.

అపోహ: ఆపదలో అవయవములను డిప్పలోనికి ముడుచుకొనును, ఆ డిప్పకు నొప్పి తెలియదు.

వాస్తవము: గీతలో స్థితప్రజ్ఞునికి ఉపమానమైన ఆ యంగసంకోచము సముద్రపు తాబేటికి సాధ్యము గాదు, కనుకనే మరపడవ పంకా దెబ్బ తలకును తగులును. డిప్పయో, వెన్నెముకతోను ప్రక్కటెముకలతోను ఏకమైన సజీవాస్థి. అందు రక్తనాళములును నాడులును గలవు. అది పగిలినచో గాయమును కడిగి, చచ్చిన కణజాలమును తొలగించి, మాసముల తరబడి కట్లు మార్చుచు కాచుకొనవలెను.

అపోహ: నీటిపై తేలుచున్నది హాయిగా విశ్రమించుచున్నది.

వాస్తవము: ఎంతకును మునుగలేక ఒక ప్రక్కకు ఒరిగి తేలుచున్నచో, ఊపిరితిత్తి చీలి గాలి దేహకుహరమున జేరినదో, ప్లాస్టిక్ అడ్డుపడి ప్రేగులలో వాయువు నిండినదో తెలియుటకై వైద్యులు ఎక్స్‌రే తీయుదురు. అమెరికాలో ఫ్లోరిడాలోని మారథాన్‌లో 1986లో వెలసిన టర్టిల్ హాస్పిటల్‌నందు, పడవ దెబ్బచే గాలి డిప్ప క్రింద నిలిచిపోయిన తాబేళ్లకు డిప్పపై బరువులంటించి సమతూకము కూర్చుదురు; బరువు లేనిదే మునుగలేనివానిని మరల సముద్రమునకు విడువరు.

అపోహ: మేత ముట్టినచో మరునాడే విడువవచ్చును.

వాస్తవము: శీతరక్తప్రాణి యగుటచే దాని దేహవ్యాపారము మందగతిని సాగును; కొన్ని సూక్ష్మజీవినాశక ఔషధములను మూడు దినముల కొకమారు ఇచ్చిన చాలును. మునుగుట, తేలుట, తినుట యథావిధిగా జరిగి, గాయము మాని, రక్తపరీక్ష సరిపడినప్పుడే విడుదల.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని మొదటి షెడ్యూలున జేర్చినది. ఇంట సాకబూనుట నేరము. ఒడ్డున కనిపెట్టి నిలుచుట మన వంతు; తక్కినది వైద్యుని వంతు.