ఆవుకు నూనె పోస్తే పాలలో వెన్న పెరుగుతుందా?

కోలారు, హోసూరు వైపు సీమ ఆవులు కట్టుకున్న మన రైతులు చాలామందికి పాల డబ్బే ఇంటి ఖర్చులకు ఆధారం. సొసైటీలో ఫ్యాట్ తగ్గితే ఆ డబ్బూ తగ్గుతుంది. ఆవు పాలలో కనీసం 3.2 శాతం వెన్న, 8.3 శాతం ఇతర ఘనపదార్థాలు ఉండాలన్నది దేశమంతటికీ ఉన్న ప్రమాణం. అందుకే ఫ్యాట్ పడిపోగానే కొందరు దాణాలో నూనె కలుపుతారు. కానీ దానివల్ల ఫ్యాట్ ఇంకా తగ్గవచ్చు.

కారణం ఇది. పాలలోని వెన్నలో సుమారు సగం పొదుగులోనే తయారవుతుంది. దానికి ముడిసరుకు గడ్డి, చొప్ప. ఆవు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు పీచును పులియబెడితే ఎసిటిక్ ఆమ్లం వస్తుంది. అది రక్తంలో కలిసి పొదుగుకు చేరి వెన్నగా మారుతుంది. మిగతా సగం మేతలోని కొవ్వు నుంచి, ఆవు ఒంట్లోని కొవ్వు నుంచి వస్తుంది.

నూనె ఎక్కువైతే ఆ సూక్ష్మజీవులు దెబ్బతింటాయి, పీచు సరిగా అరగదు. పైగా నూనె పొట్టలో మారేటప్పుడు పుట్టే కొన్ని ట్రాన్స్ కొవ్వులు పొదుగులో వెన్న తయారీని అణిచేస్తాయి. చొప్ప తగ్గించి దాణా పెంచిన ఆవుల్లో ఇది మరీ ఎక్కువ.

మామూలు మేతలో ఎండు బరువు లెక్కన 3 శాతం దాకా కొవ్వు ఉంటుంది. అన్నీ కలిపి 6, 7 శాతం దాటకూడదు. చెక్క (కోలారులో హిండి, హోసూరులో పుణ్ణాకు), పత్తిగింజల్లోని నూనె కూడా ఈ లెక్కలోకే వస్తుంది. కడుపుబ్బరానికి మందుగా ఒకసారి నూనె తాపడం వేరు, రోజూ మేతలో కలపడం వేరు.

ఈనిన మొదటి మూడు నెలల్లో ఎక్కువ పాలిచ్చే ఆవు, తిన్నది చాలక చిక్కిపోతుంది. అప్పుడు పనికొచ్చేది బైపాస్ ఫ్యాట్. కొవ్వును కాల్షియంతో కలిపి చేసిన ఈ పొడి పెద్ద పొట్టలో పెద్దగా కరగదు. నాలుగో పొట్టలోని ఆమ్లానికి విడిపోయి, ఆ తర్వాత పేగుల్లో అరుగుతుంది. లీటరు పాలకు 15 గ్రాముల చొప్పున, 10 లీటర్లిచ్చే ఆవుకు రోజుకు 150 గ్రాములు చాలు. రుచి నచ్చక ఆవు దాణా వదిలేయకుండా కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. కొవ్వు పెంచితే పాలలో మాంసకృత్తులు కాస్త తగ్గవచ్చు కనుక డిగ్రీని కూడా గమనించాలి.

ఫ్యాట్ పడిపోయినప్పుడు ముందు చూడాల్సింది నూనె డబ్బా కాదు, గాడిలో చొప్ప. ఆవు కడుపునిండా మేసి నెమరు వేస్తోందా లేదా చూసుకున్నాకే డబ్బు పెట్టి ఏదైనా కొనండి.