సిలువ మీద తెరిచిన కళ్లు

కువైట్ నగరానికి నైరుతి దిక్కున, ఎడారిలో కబ్ద్ ఉంది. గొర్రెల దొడ్లు, ఒంటెల కొట్టాలు, గుర్రపుశాలలు, సెలవురోజుల్లో యజమానులు వచ్చిపోయే తోటలు. అక్కడ పనిచేసే మనవాళ్లలో ఒక కడప జిల్లా ఆయన గదికి ఓ శుక్రవారం వెళ్లాను. రేకుల కప్పు, గ్యాస్ పొయ్యి, సగం వాడిన ఖుబూస్ రొట్టెల ప్యాకెట్. గోడకు ఊరి నుంచి తెచ్చుకున్న క్యాలెండర్. తేదీల కాగితాలు ఎప్పుడో అయిపోయాయి, పైన అట్ట మాత్రం మేకుకు అలాగే ఉంది. అట్టమీద సిలువ వేసిన యేసు. తల వాలిపోయింది, కళ్లు మూతపడ్డాయి, పక్కలో గాయం. సిలువ మొదట్లో ఒక పుర్రె.

"అన్నా, ఆ పుర్రె ఎవురిది?" అని అడిగాడు.

అది ఆదాముది. యేసును సిలువ వేసిన చోటు పేరు గొల్గొతా, అంటే కపాలస్థలం. మొదటి మనిషిని పాతిపెట్టింది కూడా అక్కడేనని పాత క్రైస్తవుల నమ్మకం. అందుకే చాలా చిత్రాల్లో నెత్తురు కిందికి కారి ఆ పుర్రెను తడుపుతుంది. మొదటి మనిషి చేసిన తప్పు అలా కడుక్కుపోయిందని చెప్పడం. పైన పలకమీది ఐ, ఎన్, ఆర్, ఐ అనే నాలుగు అక్షరాలు, నజరేతు యేసు యూదుల రాజు అనే అర్థమున్న లాటిన్ మాటల మొదటి అక్షరాలు. చదువు రానివాళ్ల కోసం బొమ్మలో ఇన్ని సంగతులు సర్దారు.

అయితే విచిత్రం ఏమిటంటే, మొదటి నాలుగు వందల ఏళ్లు క్రైస్తవులు ఈ బొమ్మ వేయడానికి దాదాపుగా ఇష్టపడలేదు. సిలువ రోమన్ల మరణశిక్ష. బానిసలకూ తిరుగుబాటుదారులకూ, నలుగురూ చూసేలా వేసేవాళ్లు. ఉరితాడు పట్టుకొచ్చి దేవుడి గదిలో పెట్టుకుంటామా? మనకు మిగిలిన తొలి బొమ్మల్లో ఒకటి వెక్కిరింత. రోమ్‌లోని పాలటైన్ కొండమీద, సుమారు 200వ సంవత్సరం నాటి గోడగీత అది. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, కింద చేయెత్తి మొక్కుతున్న ఇంకొకడు. క్రైస్తవులు తమ సమాధి సొరంగాల్లో వేసుకున్నవి వేరు: చేప, లంగరు, భుజాన గొర్రెను మోస్తున్న కాపరి. కబ్ద్‌కు అదే బాగా నప్పుతుందని నాకనిపిస్తుంది.

నాలుగో శతాబ్దంలో కాన్‌స్టాంటైన్ కాలం వచ్చింది. చక్రవర్తే క్రైస్తవం వైపు మొగ్గాడు, క్రమంగా సిలువ శిక్ష ఆగిపోయింది. ఆ శిక్షను కళ్లారా చూసిన తరం పోయాకే బొమ్మ మొదలైంది. బ్రిటిష్ మ్యూజియంలో సుమారు 420-430 నాటి చిన్న దంతపు పలక ఉంది. అందులో యేసు సిలువ మీద నిటారుగా నిలబడినట్టుంటాడు. కళ్లు పూర్తిగా తెరిచి ఉంటాయి. అదే పలకమీద ఆయనకు పక్కనే, డబ్బు తీసుకుని ఆయన్ను పట్టించి చెట్టుకు ఉరేసుకున్న యూదా వేలాడుతుంటాడు. ఒకే చోట రెండు మరణాలు చెక్కి, ఒకటి మరణం కాదన్నాడు శిల్పి. 586 నాటి సిరియా దేశపు రబ్బూలా సువార్తల పుస్తకంలోనూ యేసు రాజులా పొడవాటి అంగీ తొడుక్కుని ఉంటాడు.

కళ్లు మూతపడటం తర్వాతి మాట. జర్మనీలోని కొలోన్‌లో సుమారు 970 నాటి గేరో సిలువ ఉంది. మనిషంత ఎత్తు కొయ్యబొమ్మ. తల వాలి, పొట్ట కిందికి జారి, బరువంతా చేతుల మీద వేలాడుతుంది. పదమూడో శతాబ్దంలో ఫ్రాన్సిస్ సభ సన్యాసులు యేసు బాధను ధ్యానించమని ఊరూరా చెప్పారు. అదే కాలంలో మేకులు కూడా తగ్గాయి. అంతకుముందు నాలుగు ఉండేవి. ఇప్పుడు పాదం మీద పాదం పెట్టి ఒకే మేకు కొట్టినట్టు చూపారు. దాంతో మోకాళ్లు వంగాయి, నడుము మెలితిరిగింది. ఒక్క మేకు తీసేసరికి ఒళ్లంతా నొప్పి కనిపించింది.

దీనికి పరాకాష్ఠ 1512-1516 మధ్య గ్రూనెవాల్డ్ వేసిన ఈసెన్‌హైమ్ బలిపీఠ చిత్రం. అది ఆస్పత్రి నడిపే మఠం కోసం వేసింది. రై అనే ధాన్యానికి పట్టే బూజు వల్ల చేతులూ కాళ్లూ మండి కుళ్లిపోయే రోగులు అక్కడికి వచ్చేవాళ్లు. చిత్రంలో యేసు ఒళ్లంతా పుళ్లే. రోగి తన ఒంటినే సిలువ మీద చూసుకునేవాడు.

పదహారో శతాబ్దంలోనే ప్రొటెస్టంట్లలో చాలామంది బొమ్మలు వద్దన్నారు. అందుకే మన పల్లెల్లో చాలా సంఘాల్లో వట్టి సిలువే ఉంటుంది, కేథలిక్ గుళ్లలో శరీరమున్న సిలువ ఉంటుంది. కానీ వట్టి సిలువ ప్రొటెస్టంట్లతో పుట్టింది కాదు. కువైట్‌కే చెందిన ఫైలకా దీవిలో, అల్ ఖుసూర్ అనే చోట, 1980ల చివర్లో ఫ్రెంచి పురావస్తు బృందం పాత చర్చి ఒకటి తవ్వితీసింది. తూర్పు సిరియా సంప్రదాయపు క్రైస్తవులది. దొరికిన గచ్చు పలకల మీద సిలువ ఉంది, మనిషి లేడు. చెన్నై పరంగిమలలో 1547లో పోర్చుగీసువాళ్లకు దొరికిన రాతి సిలువా అంతే. దాని మొదట్లో ఆకులు విచ్చుకుని ఉంటాయి, చుట్టూ పహ్లవీ (పాత పారశీక లిపి) రాత. సముద్రానికి అటూ ఇటూ ఒకే సంప్రదాయం అన్నమాట. వాళ్లకు సిలువ చిగురించిన చెట్టు.

ఇక మెదక్ కెథడ్రల్ చూడండి. 1924లో ప్రతిష్ఠించిన ప్రొటెస్టంట్ గుడి. అయినా అక్కడి మూడు పెద్ద రంగుటద్దాల కిటికీల్లో ఒకటి సిలువ దృశ్యమే. ఎండ ఉన్నంతసేపే ఆ బొమ్మ లోపలివాళ్లకు కనిపిస్తుంది. చీకటి పడితే నల్లటి అద్దం.

ఇవన్నీ కబ్ద్‌లో ఇంత వరసగా చెప్పలేదు. "మా ఊరి సంఘంలో వట్టి సిలువే ఉండాదన్నా, ఇది అంగడోళ్లు ఇచ్చినేది" అన్నాడాయన. కళ్లు తెరిచిన యేసు ఎక్కడున్నాడని అడిగితే ఫోన్‌లో ఆ దంతపు పలక చూపించాను. రెండు వేళ్లతో పెద్దది చేసుకుని కళ్లు చూశాడు. తర్వాత బొమ్మను పక్కకు జరిపాడు. యూదా కాళ్ల దగ్గర నేలమీద పడి ఉన్న డబ్బు సంచి దగ్గర ఆయన వేలు ఆగింది.