పాత పెట్టెకు కొత్త ఊపిరి

విండోస్ 10కు మద్దతు ఆగిపోవడంతో మూలన పడుతున్న డెస్క్‌టాప్‌లను కొద్ది ఖర్చుతో మళ్లీ పనిలో పెట్టొచ్చు. ఏది ముందు మార్చాలో, ఎక్కడ ఆగాలో తెలిస్తే చాలు.

హాల్లో ఓ మూల పూల గుడ్డ కప్పుకుని కూర్చున్న డెస్క్‌టాప్ కంప్యూటర్ చాలా మధ్యతరగతి ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఏ 2012లోనో, 2013లోనో పిల్లల ఇంజనీరింగ్ చదువు కోసం కొన్నది. స్విచ్ వేశాక ఐకాన్లు కుదురుకునేలోపు కాఫీ తాగి రావచ్చు. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే ఆయాసపడుతుంది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగియడంతో ఇక దానికి నూకలు చెల్లినట్టేనని అనుకున్నవారు తక్కువేమీ కాదు. విండోస్ 11కు మారదామంటే టీపీఎం 2.0 భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. అంటే 2017కు ముందు కొన్న యంత్రాల్లో అత్యధికం అనర్హమైనవే.

అనర్హత వేరు, అసమర్థత వేరు. అప్పట్లో ఇళ్లలోకి విరివిగా వచ్చిన మూడో తరం కోర్ ఐ5 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు జోడీనే చూడండి. 2012 నాటి ఐ5-3470లో నాలుగు కోర్లున్నాయి. ఆన్‌లైన్ క్లాసులు, బ్యాంకు పనులు, యూట్యూబ్, లెక్కల పట్టికలకు అవి ఇప్పటికీ సరిపోతాయి. చింత చచ్చినా పులుపు చావలేదన్నమాట.

మరి నత్తనడక ఎందుకు? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిస్తే గుట్టు తెలుస్తుంది. ప్రాసెసర్ తీరిగ్గా ఉంటుంది, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర కొట్టుకుంటూ ఉంటుంది. హార్డ్ డిస్క్‌లోని పళ్లెం సాధారణంగా నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. దాని మీద చెల్లాచెదురుగా పడి ఉన్న ఒక్కో సమాచారపు ముక్కను వెతకడానికి దాదాపు సెకనులో వందో వంతు పడుతుంది. విండోస్ లేచేటప్పుడు ఇలాంటి ముక్కలు వేలల్లో కావాలి. కదిలే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డి అదే పనిని వందో వంతు సమయంలో చేసేస్తుంది.

అందుకే మొదటి ఖర్చు ఎస్‌ఎస్‌డి మీదే పెట్టాలి. హెచ్61 లాంటి బోర్డుల్లో సాటా పోర్టు వేగం కొత్త బోర్డుల్లో సగమే కాబట్టి దండగని కొందరు నిరుత్సాహపరుస్తారు. ఆ మాటలో సగమే నిజముంది. పెద్ద ఫైళ్ల కాపీ కాస్త నెమ్మదిస్తుంది తప్ప, చిన్న ముక్కలను వెతికే చురుకుదనం ఎక్కడికీ పోదు. కొనేటప్పుడు రెండున్నర అంగుళాల సాటా రకాన్నే అడగాలి. చూయింగ్ గమ్ పట్టీలా ఉండే ఎం.2 రకానికి ఆ బోర్డుల్లో చోటు ఉండదు. 240 లేదా 256 జీబీ విండోస్‌కు, రోజువారీ పనులకు సరిపోతుంది. ఫొటోలు, సినిమాలకు పాత హార్డ్ డిస్క్ ఎలాగూ ఉంది.

తర్వాతి వంతు ర్యామ్‌ది. 4 జీబీతో నేటి బ్రౌజర్లను లాగడం కష్టం. 8 జీబీ ఉంటే ఇంటి పనులకు ఢోకా లేదు. ఒకే ముక్కగా కాకుండా 4 జీబీవి రెండు వేస్తే మెమరీకి దారి రెండింతలై, ప్రాసెసర్‌లోని సొంత గ్రాఫిక్స్ కూడా కొంత పుంజుకుంటుంది. ఆ బోర్డులకు డీడీఆర్3 ర్యామే నప్పుతుంది. డీడీఆర్4కు గాడి వేరే చోట ఉంటుంది కాబట్టి అది స్లాట్‌లో దిగనే దిగదు. అయితే ధర విషయంలో జాగ్రత్త అవసరం. కృత్రిమ మేధ సర్వర్ల కోసం మెమరీకి గిరాకీ పెరగడంతో 2025 చివర్లో ర్యామ్ రేట్లు భగ్గుమన్నాయి. క్రూషియల్ పేరుతో సామాన్యులకు ర్యామ్, ఎస్‌ఎస్‌డిలు అమ్మిన మైక్రాన్ ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. కాబట్టి పాత ర్యామ్ కోసం ఢిల్లీ నెహ్రూ ప్లేస్, ముంబై లామింగ్టన్ రోడ్, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్.పి. రోడ్, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ లాంటి చోట్ల నాలుగు దుకాణాలు తిరిగి బేరమాడటం మేలు.

ఇంతవరకూ పని సులువే. పిల్లలు ఆటలు అడిగినప్పుడే జేబుకు అసలు పరీక్ష. చాలామంది నేరుగా గ్రాఫిక్స్ కార్డు కొనేస్తారు, నిజానికి ముందు చూడాల్సింది ఎస్‌ఎంపీఎస్‌ను. పెట్టెకు కరెంటు పంచే ఈ డబ్బా మీద 450 వాట్లని రాసి ఉన్నంత మాత్రాన అంత ఇస్తుందన్న హామీ లేదు. చవకరకం పేలితే మదర్‌బోర్డును కూడా వెంట తీసుకుపోగలదు. 80 ప్లస్ గుర్తింపు ఉన్నది వేసుకున్నాకే కార్డు సంగతి ఆలోచించాలి.

కార్డు ఎంపికలో గుర్తుంచుకోవాల్సిన అంకె 75. స్లాట్ నుంచి కార్డుకు అందే కరెంటు గరిష్ఠంగా 75 వాట్లే. విడిగా కరెంటు తీగ అక్కర్లేకుండా ఆ పరిధిలో నడిచేవి 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ, 2019 నాటి జీటీఎక్స్ 1650లలో చాలా మోడళ్లు. 2015లో పీసీకి వచ్చిన గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5 లాంటి ఆటలను ఇవి బాగానే నడిపిస్తాయి. 1050 టీఐ తరం కార్డులకు కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లను ఎన్‌విడియా 2025లో ఆపేసింది కాబట్టి ధర దగ్గర దగ్గరగా ఉంటే 1650 నయం. సెకండ్ హ్యాండ్‌లో మోసాలూ ఉన్నాయి. పాత కార్డుకు 1050 టీఐ పేరు తగిలించి అమ్మిన ఉదంతాలున్నాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇలాంటి చాలా నకిలీలను పట్టిస్తుంది. దుకాణంలోనే దాన్ని నడిపించి చూడాలి. ఆఫీసుల నుంచి వచ్చే సన్నటి బ్రాండెడ్ క్యాబినెట్లలో మామూలు ఎత్తు కార్డు పట్టదన్నదీ మరవకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది భద్రత. భద్రతా అప్‌డేట్లు అందని కంప్యూటర్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడమంటే తలుపు తీసి నిద్రపోవడమే. విండోస్ 10కు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొందే పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచుకుంటే దానికి డబ్బు కట్టనక్కర్లేని మార్గం కూడా ఇచ్చింది. శాశ్వత పరిష్కారం కోరేవారికి లినక్స్ మింట్ ఉచితం. బ్రౌజింగ్, యూనికోడ్ తెలుగు టైపింగ్, వీడియోలకు లోటుండదు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద ఆధారపడిన డీటీపీ సెంటర్లకు మాత్రం అది పనికిరాదు. వాలొరాంట్ ప్రియులకూ నిరాశే. ఆ ఆట లినక్స్‌లో నడవదు. నిబంధనలను దాటవేసి విండోస్ 11 ఎక్కించినా, టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ లేకపోతే తెరుచుకోదు.

ఎక్కడ ఆగాలి? ఎస్‌ఎస్‌డి, ర్యామ్ దాకా అందరికీ లాభమే. ఎస్‌ఎంపీఎస్, కార్డు కలిపాక మొత్తం ఖర్చు కొత్త యంత్రం ధరలో మూడో వంతు దాటుతోందంటే అసలు కన్నా కొసరు ఎక్కువైనట్టే. మదర్‌బోర్డే మార్చాలంటే ప్రాసెసర్, ర్యామ్ కూడా మార్చాలి కనుక అది కొత్త కంప్యూటర్ కిందే లెక్క. దమ్మిడీ పెద్దగా ఖర్చు లేని పనులూ ఉన్నాయి. ఫ్యాన్‌లో దుమ్ము దులపడం, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చడం, రూపాయి బిళ్లలాంటి సీఆర్2032 బ్యాటరీ కొత్తది వేయడం. ఈ బ్యాటరీ అయిపోతే గడియారం తప్పి, బ్యాంకు వెబ్‌సైట్లు తెరుచుకోక ఇబ్బంది పెడతాయి.

ఈ లెక్క జేబుతోనే ముగిసేది కాదు. మానిటర్‌తో సహా ఒక డెస్క్‌టాప్ తయారీకి కనీసం 240 కిలోల ఇంధనం, ఒకటిన్నర టన్నుల నీరు ఖర్చవుతాయని ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం 2004లోనే లెక్కగట్టింది. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులైతే, వాటిలో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. మిగిలినదాంట్లో కొంత ఢిల్లీలోని సీలంపూర్ లాంటి చోట్లకు చేరి, చేతికి తొడుగైనా లేని కూలీల ముందు గుట్టగా పడుతుంది. పూల గుడ్డ తీసి, పెట్టె తలుపు విప్పి ఓ ఎస్‌ఎస్‌డి బిగిస్తే, ఆ గుట్టలో చేరాల్సిన కంప్యూటర్ మరో మూడు నాలుగేళ్లు ఇంట్లోనే పనిచేస్తుంది.