రెండో చదువుకు దిక్కెవరు?

కృత్రిమ మేధ వచ్చాక యువతకు అందరూ చెబుతున్న హితవు ఒక్కటే: ఒకే ఉద్యోగాన్ని నమ్ముకోవద్దు, అవసరమైతే వృత్తినే మార్చుకోవాలి. పాతతరం ఇందుకు జంకుతోందనీ, కొత్తతరం ఉత్సాహపడుతోందనీ చర్చ సాగుతోంది. ఈ తేడాను వయసుకు మాత్రమే ముడిపెట్టడం పొరపాటు. ఈ దేశంలో వృత్తి మార్పుకు కులంతో ముడిపడిన చరిత్ర ఉంది.

మగ్గం, సారె, ఆరె, చీపురు పుట్టుకతో చేతికొచ్చిన పనిముట్లు. వాటిని వదిలే స్వేచ్ఛ లేకపోవడమే కులవ్యవస్థ సారం. మనిషిని వృత్తి మార్చుకోనివ్వని కులం నిరుద్యోగానికీ కారణమవుతుందని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వాదించారు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పిల్లలకు ఒకపూట బడి, మరోపూట ఇంటి వృత్తి అనే పథకం తెచ్చింది. అది కులవిద్య అని ద్రావిడ ఉద్యమం ఎదిరించింది. మరుసటి ఏడాది కామరాజ్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది.

కనుక అణగారిన కులాల నుంచి వచ్చి గుమాస్తాగానో, ఉపాధ్యాయుడిగానో స్థిరపడిన తండ్రికి వృత్తి మార్పు తెలియనిది కాదు. తరాల సంకెలను తెంచి అతడు చేసినదే అసలైన మార్పు. ఆ కుర్చీని అతడు గట్టిగా పట్టుకుంటే అది పిరికితనం కాదు, జారితే ఎక్కడ పడతామో ఎరిగిన వివేకం.

అతని కూతురు ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ చదివి ఐటీలో చేరింది. అక్కడ రిజర్వేషన్ లేదు. ఆమె చేసే టెస్టింగ్ పనిని రేపు యంత్రం చేయగలదు. అదే పరిస్థితి వస్తే పక్క సీటులోని సహోద్యోగికి ఊళ్లో పొలం, నగరంలో అద్దెలొచ్చే ఇల్లు, అమెరికాలో మేనమామ ఉండవచ్చు. అతడు ఏడాది ఆగి మరో చదువు చదవగలడు. ఆమె జీతం మీద తమ్ముడి ఫీజు, ఇంటి అప్పు ఆధారపడి ఉన్నాయి. ఒకే సలహా అతనికి ప్రయోగం, ఆమెకు ప్రాణసంకటం.

ప్రభుత్వ విధానమూ ఆమెను ఆదుకోదు. ఒక స్థాయి చదువు పూర్తిచేసి, అదే స్థాయిలో మరో విషయం చదివేవారికి పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనం ఇవ్వకూడదన్నది సాధారణ నిబంధన. మనిషి ఒక్కసారే చదువుకుని జీవితాంతం ఒకే పని చేస్తాడన్న కాలం నాటి ఊహ అది. జీవితమంతా నేర్చుకోమని ఉపదేశించే రాజ్యం రెండోసారి నేర్చుకునే ఖర్చును మాత్రం కుటుంబం మీదకు నెడుతోంది. కుటుంబ ఆస్తి ఇక్కడ చాలావరకు కులాన్నిబట్టే ఉంది.

ఉద్యోగం పోయిన ఎస్సీ, ఎస్టీ, బీసీ యువతకు రెండో చదువుకు ఫీజు, ఆ కాలానికి జీవనభృతి ఇవ్వాలి. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల డిమాండును మళ్లీ ముందుకు తేవాలి. ఒకప్పుడు వృత్తిని వదలనివ్వక, ఇప్పుడు ఆసరా లేకుండా వదలమనడం న్యాయం కాదు. తండ్రి జంకులోని ఈ ప్రశ్నను విద్యార్థి ఉద్యమాలు తమ ప్రశ్నగా చేసుకోవాలి.