బండే ఇల్లు... రోడ్డే వాకిలి!

"వ్యాన్‌లో మకామా? నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అంది అమ్మ.

"ఎన్టీవోడు పడుకోలా!" అన్నాడు నాన్న.

అంతే! మా ఇంట్లో తీర్పు అయిపోయింది.

నేను బ్రాడీపేటలో ఉంటూ పెళ్లిళ్లకు వీడియోలు తీసుకునే కుర్రాణ్ణి. ముహూర్తాలుంటే తిండికి కూడా తీరిక ఉండదు. మూఢమో, ఆషాఢమో వచ్చిందంటే కెమెరా తుడుచుకుంటూ కూర్చోవడమే. కానీ గది ఓనరుగారికి మూఢం లేదు, ఆషాఢం లేదు! ఒకటో తారీఖు పొద్దున్నే తలుపు దగ్గర ప్రత్యక్షం. నాకేమో ఓ చిన్న సినిమా తీయాలని ఎన్నాళ్లనుంచో కోరిక. అద్దె ఆరు వేలు కట్టేశాక ఇక కోరికే మిగిలేది!

అందుకే పోయినేడు ఆషాఢంలో గది ఖాళీ చేసి, మా లైట్లూ స్టాండ్లూ మోసే పాత మ్యాటడార్‌లోకి మకాం మార్చేశాను. దీపావళి దాకా నాలుగు నెలలు... అదీ గడువు.

బజుల్లా రోడ్డు నుంచి బాట పక్కకు

నాన్న చెప్పిన 'ఎన్టీవోడి' కథ మీలో చాలామంది వినే ఉంటారు. అయినా ఒక్కసారి ఊహించుకోండి. మద్రాసు త్యాగరాయనగర్ బజుల్లా రోడ్డులో ఇల్లు. తిరుపతి వెళ్లిన యాత్రికులు బస్సుల్లో అక్కడిదాకా వచ్చి, ఆయన్నీ చూసుకుని మరీ వెళ్లేవారు. మన గుంటూరు ఏ.సి. కాలేజీలో బి.ఏ. చదివిన ఆ మనిషి అంతటి వైభోగం చూశారు. 1982 మార్చి 29న హైదరాబాదులో తెలుగుదేశం పార్టీ ప్రకటించేనాటికి ఎన్.టి. రామారావుగారికి 59 ఏళ్లు నిండబోతున్నాయి. మనమైతే ఆ వయసులో పడక్కుర్చీ వెతుక్కుంటాం. ఆయన పాత షెవర్లే వ్యాన్ ఒకటి వెతుక్కున్నారు!

దాన్ని ప్రచారానికి తగ్గట్టు మార్పించారు. పైన నిలబడి మైకులో మాట్లాడే వీలు, లోపల నడుం వాల్చే చోటు. పేరు 'చైతన్య రథం'. సారథి ఆయన కొడుకు హరికృష్ణ. అప్పటికి పాతికేళ్లవాడు. 1967లో 'శ్రీకృష్ణావతారం'లో చిన్ని కృష్ణుడుగా కనిపించిన పిల్లాడు, ఇప్పుడు నిజంగానే రథం తోలాడన్నమాట!

ఖాకీ బట్టలు కట్టుకుని, ఆయన తొమ్మిది నెలలపాటు వేల కిలోమీటర్లు అలాగే తిరిగారు. రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే భోజనం, బండిలోనే కునుకు. ఆ ఫోటోలు మీరూ చూసే ఉంటారు. జూలైలో 'బొబ్బిలిపులి' విడుదలయింది. హాల్లో మేజర్ చక్రధర్‌కి ఈలలు, చప్పట్లు... ఆ చక్రధరే బయట ఏ చెట్టుకిందో చెంబుతో నీళ్లు పోసుకుంటున్నాడు!

రాజకీయం సంగతి వదిలేద్దాం. నాకు కావలసింది ఒక్కటే. మహారాజు వేషాలు వేసిన మనిషి రేకు డబ్బాలో అన్నాళ్లు ఎలా ఉండగలిగాడు? నాలుగు రోజులైనా గడవకముందే ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది.

రేకు కింద కాపురం

మొదటి శత్రువు ఎండ. ఆషాఢం వచ్చినా గుంటూరు ఎండ పోదు కదా! మధ్యాహ్నం బండి లోపల అట్ల పెనమే. తడి గోనెసంచులు పైన పరిస్తే చల్లబడుతుందని ఎవరో చెప్పారు. నాన్న పనిచేసేది మిర్చి యార్డులో. సంచులకేం కొదవ? పది పట్టుకొచ్చి పైన పరిచి, నీళ్లు చల్లాను. ఇంకేముంది! వాటిలో మిగిలిన కారం ఘాటంతా కిందికి దిగింది. నేను తుమ్ముతూ రోడ్డు మీదికి, చుట్టుపక్కలవాళ్లు తిడుతూ నా మీదికి! ఆ సంచుల్ని మూడుసార్లు ఉతికాకగానీ ఊపిరి ఆడలేదు.

రెండోది చట్టం. బండి రూపం ఇష్టమొచ్చినట్టు మార్చేస్తానంటే కుదరదు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ అని ఒకటుంది. రిజిస్ట్రేషన్‌లో రాసినదానికి భిన్నంగా మార్చాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి. అందుకే నేను రేకు కొయ్యలేదు, వెల్డింగ్ జోలికి పోలేదు. పాత మంచం చెక్కలు పరుచుకున్నాను. పొద్దున్నే తీసేస్తే మళ్లీ సామాన్ల బండే.

మూడోది... చెప్పడానికి మొహమాటంగా ఉన్నా చెప్పాలి. మరుగుదొడ్డి! తెల్లారకముందే లేచి బస్టాండుకి పరుగు. ఇప్పటి తారల కారవాన్లలో ఏసీ, అద్దాలు, బాత్రూము అన్నీ ఉంటాయి. కానీ అది పగటి ముస్తాబు గది. పేకప్ చెప్పగానే వాళ్లు ఇంటికో, హోటలుకో వెళ్లిపోతారు. నాకు పేకప్ ఎక్కడ?

ఒక వానరాత్రి

భాద్రపదంలో ఒక రాత్రి కుంభవృష్టి. పై రేకు అతుకులోంచి ధార. కెమెరా సంచీ గుండెలకి హత్తుకుని మూల నక్కాను. అది తడిస్తే నా సినిమా సరే, నా జీవనాధారమే పోతుంది. తలుపు తీసి కేకేశాను. ఎదురుగా టిఫిన్ బండి ఆయన తన బండి మీది పట్టా లాక్కొచ్చి నా వ్యాన్ మీద కప్పాడు. ఆయన పొయ్యి తడిసిపోయింది. మర్నాడు పొద్దున ఇడ్లీ లేదు. "పోన్లే తమ్ముడూ, పొయ్యి ఎండుద్ది. కెమెరా ఎండుద్దా?" అన్నాడు.

నా ప్రశ్నకి జవాబు అప్పుడు దొరికింది. చైతన్య రథంలో వంటిల్లు లేకపోతేనేం, ఆగిన ప్రతి ఊళ్లోనూ జనం ఉన్నారు. ఆయన కోసం అర్ధరాత్రి దాకా గుంటూరు రోడ్డు మీద నిలబడ్డవాళ్లలో మా నాన్నా ఒకడు. వ్యాన్ ఎప్పుడూ సగం ఇల్లే. నీళ్లకి, నిప్పుకి, నీడకి మిగతా సగం బయటే ఉంటుంది. ఆయన కోసం జనం ఎదురొచ్చారు. నాలాంటివాడు తనే వెళ్లి అడగాలి. సిగ్గుపడితే ఎండిపోతాడు!

ఇదీ లెక్క

మీలో ఎవరికైనా సరదా పుడితే ముందీ లెక్క చూడండి. నాలుగు నెలల అద్దె మిగులు 24 వేలు. బ్యాటరీ, ఫ్యాను, పరుపు, నీళ్ల క్యాన్లు కలిపి 9,200. మూసిన బండిలో గ్యాస్ వెలిగించడం ప్రమాదం గనుక వంట మానేశాను. బయటి తిండికి, స్నానాలకి అదనంగా 7 వేలు. చేతికి మిగిలింది 7,800. దాంతో పదకొండు నిమిషాల సినిమా తీశాను. బాగుందో లేదో మీరు చూశాక చెబుదురుగాని!

దీపావళికి ముందు ఇంకో రెండు నెలలు ఉందామా అనిపించింది. అలవాటైపోయింది మరి! నాన్న వచ్చి బండి చుట్టూ ఓసారి తిరిగాడు.

"ఒరే, ఎన్టీవోడు పడుకున్నాడని చెప్పాను. దిగాడని చెప్పలేదా?"

నిజమే! 1983 జనవరి 5న ఎన్నికలు. 9న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ముఖ్యమంత్రిగా ప్రమాణం. ఆ రథం ఎక్కింది దిగడానికే. దాన్ని తోలిన హరికృష్ణ తర్వాత 'సీతయ్య' (2003)లో హీరోగా మనల్ని అలరించాడు. 2018 ఆగస్టు 29న తన కారు తనే నడుపుకుంటూ వెళ్తూ రోడ్డు ప్రమాదానికి గురై, ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ వార్త విన్ననాడు నాన్న అన్నం ముట్టలేదు.

మర్నాడే చెక్కలు తీసేశాను. ఇప్పుడు మళ్లీ బ్రాడీపేటలోనే గది, మళ్లీ ఒకటో తారీఖు, మళ్లీ ఓనరుగారు! కాకపోతే పొద్దున టిఫిన్‌కి మాత్రం ఆ బండి దగ్గరికే వెళ్తాను. కొత్త పట్టా కొనిచ్చాను... పాతది ఇంకా నా వ్యాన్ మీదే ఉంది!