పీయూషము

పీయూషమనగానే మనకు అమృతము స్ఫురించును. కాని అమరకోశము వల్లించినవారికి దానికి మఱియొక యర్థము గలదని తెలియును. అప్పుడే ఈనిన యావుపాలకును, అనగా మనము జున్ను వండుకొను పాలకును, అదియే పేరు. ఈ రెండర్థములు ఒక్క మాటకు కలుగుట యేమని చిన్ననాడు మేము విచారింపలేదు. ఒక దూడ మాకు నేర్పినది.

రేవును ఉక్కు కర్మాగారమును గల యీ విశాఖపట్టణమున, సింహాచలము కొండ దిగువ మావంటివారి పెరళ్లలో నేటికిని ఒకటి రెండు ఆవులు గలవు. కొన్నియేండ్ల క్రిందట మా యావు తెల్లవారుజామున ఈనినది. మాయ పడువఱకు దూడను పొదుగునకు విడువరాదని పెద్దల మాట. మాయ పడుసరికి మధ్యాహ్నమైనది. ఆలోగా ఇరుగుపొరుగువారు గిన్నెలు పంపిరి. మేము కాదనలేక తొలిపాలు పిదికి పంచిపెట్టితిమి. దూడకు మిగిలినది కొంచెమే. మూడవనాడు దానికి తెల్లపారుడు పట్టినది, అయిదవనాడు పోయినది. దిష్టి తగిలినదని అందఱు ననిరి. పశువైద్యుడు మాత్రము, "జున్నుపాలు ఎప్పుడు త్రావినదమ్మా?" అని అడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

ఆయన తెలిపినదియు, పిమ్మట మేము చదివి గ్రహించినదియు ఇది. మనుష్యశిశువునకు తల్లి రక్తమందలి రోగనిరోధక పదార్థములు గర్భముననే మాయద్వారా కొన్ని చేరును. ఆవు, గేదె, మేక, గొఱ్ఱెల మాయ వానిని దాటనీయదు. కావున దూడ కవచము లేని యోధునివలె పుట్టును. తల్లి తానెదుర్కొన్న సూక్ష్మక్రిములకు తగిన యాయుధములను, ఈనుటకు ముందు కొన్ని వారములు పొదుగున కూర్చి యుంచును. జున్నుపాలు తోడు లేకయే ఆవిరికి గట్టిపడుటకు ఆ పదార్థములును ఒక కారణమే.

అప్పుడు పుట్టిన దూడ ప్రేగులు వానిని చెడకుండ రక్తములోనికి గ్రహింపగలవు. ఆ ద్వారము మొదటి 6 గంటలలో బాగుగా తెఱచియుండి, క్రమముగా మూసికొని, 24 గంటలకు దాదాపు మూతపడును. ఆపైన బిందెడు పాలు పోసినను రక్తమునకు చేరదు.

1892లో జర్మనీదేశమున పాల్ ఎర్లిహ్ అను పండితుడు, ఆముదపుగింజల విషమునకును గురువిందగింజల విషమునకును అలవాటుపఱచిన ఎలుకలతో పరీక్షలు చేసెను. సామాన్యపు తల్లికి పుట్టిన పిల్లలు అట్టి దాదిపాలు త్రావగా వానికిని ఆ రక్షణ కలిగెను. 1922లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అనువారు జున్నుపాలు లేక పెరిగిన దూడలలో పెక్కింటిని, ప్రేగులనుండి ఒడలెల్ల వ్యాపించిన క్రిములు చంపుచున్నవని చూపిరి.

అయితే తల్లి యిచ్చిన రక్షణ అరువు సొమ్ము. వారములు గడచినకొలది అది తఱుగును. దూడ తన స్వార్జితమును మెల్లగా కూడబెట్టుకొనును. ఈ నడిమి కాలమున శుచియైన కొట్టము ముఖ్యము. అరువు సొమ్ము నిండుగానున్నప్పుడు టీకా సరిగా పట్టదు గనుక, గొంతువాపు మొదలగువాని టీకాలు పశువైద్యుడు చెప్పిన వయసుననే వేయింపవలెను.

సింహాద్రి అప్పన్నకు కోడెదూడను మ్రొక్కుకొనుట మన సీమ యాచారము. పాలు మానని పసిదూడను తల్లినుండి ఎడబాపి తేవలెనని ఏ స్వామి కోరును? అది మేత మరగిన పిమ్మట సమర్పించినను మ్రొక్కు చెల్లును.

కావున అక్కలారా, దూడ పుట్టిన గంట రెండు గంటలలోనే, మాయకై వేచియుండక, పాలు చీకనిండు. దూడ చీకుట మాయ పడుటకును తోడ్పడును. మొదటిదినమున దాని బరువులో పదవవంతు, అనగా 20 కిలోల దూడకు సుమారు 2 లీటర్లు, త్రావవలెను. లేవలేనిదానికి పిదికి పట్టుడు. బొడ్డుకు టింక్చరు అయొడిను పూయుడు. మన పసిబిడ్డల ముర్రుపాలును పాఱబోయదగినవి కావు. వారికిని తొలిగంటలోనే పట్టవలెను.

మఱుసటి యీతకు వచ్చిన గిన్నెలను మేము తిప్పి పంపితిమి. రెండవనాటి సాయంకాలము దూడ త్రావి విడిచినపాలతో చిన్నగిన్నెడు జున్ను వండితిమి. అందఱకును తలకొక చెంచాయే వచ్చినది. దూడ మాత్రము పెరడంతయు గంతులు వేయుచుండెను. అమరకోశపు రెండర్థములు ఒక్కటేయని మాకు నాడు తెలిసినది.