తప్పులు చెప్పిన దారి

వేయి సంవత్సరాలకు పూర్వం వేములవాడను చాళుక్య రాజులు ఏలేవారు. వారిలో రెండవ అరికేసరి కొలువులో పంపడు అనే కన్నడ మహాకవి వుండేవాడు. ఆ రోజుల్లో అచ్చు లేదు. ఒక కావ్యం పది ఊళ్ళకు చేరాలంటే, ఎవరో ఒకరు తాటాకుల మీద గంటంతో మొదటినుంచి చివరిదాకా మళ్ళీ రాయవలసిందే.

అంత రాసేటప్పుడు తప్పులు పడవూ? ఒకడు “పాలు” అని రాయవలసిన చోట “పూలు” అని రాశాడనుకోండి. అతని ప్రతిని చూసి రాసుకున్న వాళ్ళందరూ “పూలు” అనే రాస్తారు. పైగా తమ తప్పులు కొన్ని చేరుస్తారు. (పరీక్షలో పక్కవాడి తప్పు కూడా ఎక్కించి దొరికిపోయేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు!) అందుచేతనే పండితులు పాత ప్రతులను పక్కపక్కన పెట్టి, తప్పులు పోల్చి, ఏ ప్రతికి ఏది తల్లో చెప్పగలుగుతున్నారు.

వైరస్సుల సంగతీ ఇంతే. కరోనా వైరస్సులో సుమారు 30,000 అక్షరాల రాత వుంటుంది. అక్షరాలు మట్టుకు నాలుగే రకాలు. వైరస్సు మన శరీర కణాలలో దూరి, తన రాతకు లెక్కలేనన్ని ప్రతులు తీయిస్తుంది. అప్పుడు తప్పులు దొర్లుతాయి. చాలా తప్పులవల్ల దానికి లాభమూ లేదు, నష్టమూ లేదు. అవి అలాగే ఒకరినుంచి ఒకరికి సాగిపోతాయి. 2020లో ఇలా నెలకు సుమారు రెండక్షరాలు మారేవి.

ఆ సంవత్సరం మార్చిలో దేశమంతా లాక్‌డౌన్ వచ్చింది. వేములవాడ రాజన్న గుడికి భక్తులు రావటం ఆగిపోయింది. “జబ్బు ఫలానావాడు తెచ్చాడు” అంటూ జనం ఒకరినొకరు అనుమానించసాగారు. అప్పుడు హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనశాలవారు, మరికొందరు శాస్త్రజ్ఞులతో కలిసి, రోగుల ముక్కునుంచి, గొంతునుంచి తీసిన వైరస్సుల రాతను చదవటం మొదలుపెట్టారు.

జూన్ నాటికి ఒక వింత బయటపడింది. మనదేశంలో అప్పటికి చదివిన వైరస్సులలో నూటికి 41 ఒకే నాలుగు తప్పులను మోస్తున్నాయి! అంటే అవన్నీ ఒక్క తల్లిప్రతి సంతానం. ఆ శాఖకు ఏ3ఐ అని పేరు పెట్టారు. అక్షరాలు మారే వేగాన్నిబట్టి వెనక్కు లెక్క కడితే, అది ఫిబ్రవరి ప్రాంతంలో, లాక్‌డౌన్‌కు ముందే పుట్టినట్టు తేలింది. కొన్ని నెలలకు దాని జోరు తగ్గి, మరొక శాఖ పైకి వచ్చింది.

అయితే ఇందులో ఒక చిక్కున్నది. నెలకు రెండక్షరాలే మారితే, ఒకే వీధిలో వారం తేడాతో జబ్బుపడిన ఇద్దరి వైరస్సులూ పొల్లుపోకుండా ఒకటిగానే వుండవచ్చు. ఎవరినుంచి ఎవరికి అంటిందో రాత ఒక్కటే చెప్పలేదు; ఇద్దరికీ మూడోమనిషినుంచి వచ్చివుండవచ్చు. కాని ఇద్దరి తప్పులూ బాగా వేరువేరుగా వుంటే మట్టుకు, “నీకు జబ్బు అంటించినది ఇతను కాదు” అని గట్టిగానే చెప్పవచ్చు.